గుట్ట కింద మక్కచేను, గుట్ట మీద గుడ్డెలుగు.. ఏం జేయాల్నో జర చెప్పున్రి

గుట్టకింది_రైతు
ఫిబ్రవరి 9, రాత్రి 10:42

అందరికి నమస్తే. ఈ గ్రూపుల నేను ఎప్పుడు మందుల గురించి ఎరువుల గురించే అడిగిన, ఇయ్యాల వేరే ముచ్చట. మాది ములుగు నుంచి భూపాలపల్లి పోయే దారిల లోపటికి ఉంటది, ఊరు పేరు ఎందుకులే. రెండెకరాల మక్క గుట్ట కిందనే ఉన్నది, కంకి ఇప్పుడు పాల మీదున్నది. వారం సంది రోజు రాత్రి గుడ్డెలుగులు దిగుతున్నయ్. పందులైతే తొక్కుకుంట పొర్లుకుంట పోతయ్, ఇయ్యి అట్ల కాదు, నిమ్మళంగ కూసోని కర్రను దగ్గరికి గుంజుకోని కంకి వొలుచుకోని తింటున్నయ్. పొద్దుగాల పోయి చూస్తె మనిషి కూసోని తిన్నట్టే పొట్టంత ఒక్కకాడ కుప్ప.

మక్క పోతే పోయింది అనుకుందుం. నాలుగొద్దుల కింద మా చిన్నాయిన తెల్లారగట్ల చెంబు పట్టుకోని గుట్ట దిక్కు పోయిండు (ఇంట్ల లెట్రిన్ ఉన్నది, అయినా అలవాటు, ఏమన్నా అంటే తిడతడు). పరికి చెట్టు మలుపు తిరిగిండు, ఎదురుంగనే తల్లి, దాని వీపు మీద పిల్ల. లేచి నిలవడి ఒక్కటే దెబ్బ నెత్తి మీద, ఇంకోటి చెంప మీద. నెత్తి తోలు లేచొచ్చింది. కన్ను దక్కింది దేవుని దయ. ఇప్పుడు వరంగల్ పెద్దాసుపత్రిల ఉన్నడు.

ఇగ ఊర్ల పోరగాండ్లు గరం గరం ఉన్నరు. కరెంటు తీగ పెడ్దాం అంటున్నరు ఒకలు, గుట్టకు నిప్పు పెడ్దాం అంటున్నరు ఇంకొకలు. నేను ఒక ఆఫీసుకు పోతె ఇది మా సెక్షన్ కాదు గా ఆఫీసుకు పో అన్నరు, గాడికి పోతె సారు మీటింగుల ఉన్నడన్నరు. ఎవలికన్న ఎరుక ఉంటె చెప్పున్రి. నాకైతే ఆ తల్లిని సంపాలనైతే లేదు గాని మల్లా ఇంకొకల మొఖం పోతె ఎవలు జవాబు చెప్పాలె.

హన్మకొండ_పోరడు
ఫిబ్రవరి 9, రాత్రి 10:58

అయ్యో అన్న, చిన్నాయినకు ఎట్లున్నది ఇప్పుడు? అయినా పట్టుకోని జూల ఇస్తే అయిపోతది గద, హంటర్ రోడ్డు మీద కాకతీయ జూ ఉండనే ఉన్నది. లేకపోతే ఏటూరునాగారం అడివిల ఇడిసిపెడితే సరి. దీనికింత పంచాయితీ ఎందుకు?

మక్కగారెలు
ఫిబ్రవరి 9, రాత్రి 11:15

చిన్నాయిన జల్ది కోలుకోవాలె తమ్మీ.

ముచ్చట వచ్చింది కాబట్టి అంటున్న, మా చిన్నప్పుడు ఊర్లెకు ఎలుగును ఆడిచ్చెటోళ్లు వచ్చెటోళ్లు, పిల్లలు జడుసుకోకుంట ఉండాలని ఒక్క రౌండు దాని మీద కూసుండబెట్టి తిప్పెటోళ్లు, దాని ఎంటిక తాయెత్తుల ఏసి మెడల కడితే మా అవ్వ దానికి శేరు బియ్యం పోసింది. ఆ తాయెత్తు ఏడో తరగతి దాక ఉన్నది. భయమైతే పోలే, ఇయ్యాల్టికి కుక్కను చూస్తెనే ఉరుకుత 😄

రిటైర్డ్_బీటు
ఫిబ్రవరి 10, ఉదయం 6:20

నేను పస్రా, తాడ్వాయి, ఏటూరునాగారం దిక్కు అడివిలనే నౌకరి చేసి దిగిన. రైతు తమ్మీ, ముందుగాల రెండు పనులు, మిగతాయి తర్వాత.

మొదటిది, చిన్నాయినకు కుక్క కాటుకు ఇచ్చే సూదులు ఇచ్చిన్రా లేదా అడుగు. ఎలుగు కూడ కరిచే జంతువే, దాని నోట్ల సొంగ గాయంల పడితే రేబిస్ సూదులు, గాయం చుట్టూ ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ రెండు పడాలె. కుట్ల హడావుడిల ఇది మర్సిపోతరు, నేను చూసిన.

రెండోది, కాయితం. ఊరు ఏ ఫారెస్టు రేంజ్ కిందికి వస్తదో గా రేంజ్ ఆఫీసర్‌కు రాతపూర్వకంగ దరఖాస్తు ఇయ్యి, ఒక కాపీ మీద ముద్ర ఏపిచ్చుకో. ఆసుపత్రి కాయితాలు, ఫొటోలు, పంచాయతీ సెక్రటరీ దగ్గర ఒక లెటరు. మీటింగుల ఉన్నడంటే ఇన్‌వార్డ్‌ల (ఆఫీసుల కాయితాలు తీసుకునే కాడ) ఇచ్చి రా, మనిషి కోసం ఎదురుచూడకు. మనిషి ప్రాణం పోతె ఇచ్చే పైసలను కేంద్రం 2023 డిసెంబర్ల 5 లక్షలకెళ్లి 10 లక్షలకు పెంచింది, తీవ్ర గాయమైతే 2 లక్షలు. చిన్నాయినది తీవ్ర గాయం కిందికే రావాలె. పంట నష్టానికి వేరే దరఖాస్తు, ఏఈఓను (వ్యవసాయ విస్తరణ అధికారిని) తోలుకపోయి చేను చూపియ్యి, కోసినంక కాదు, ఇప్పుడే.

ఇగ హన్మకొండ తమ్మి అడిగిన దానికి. పట్టి ఇడిసిపెట్టుడు ఇన్నంత అల్కగ కాదు. ఏటూరునాగారంల ఇడిస్తె ఆడ ఉన్న ఎలుగులు ఊకుంటయా? కొత్తదాన్ని తరుముతయ్, అది మల్లా ఏదో ఊరి పక్కకు వస్తది. ఈడ ఖాళీ అయిన గుహల ఆర్నెల్లల్ల ఇంకోటి వచ్చి పంటది. ఎందుకంటె గుహ ఉన్నది, నీళ్లు ఉన్నయ్, మక్క ఉన్నది. ఇల్లు ఖాళీగ ఉంటె కిరాయికి వచ్చెటోళ్లు ఉండరా? అదీగాక వీపు మీద పిల్ల ఉన్న తల్లికి మత్తు సూది కొడితే పిల్ల ఏడికి పోవాలె.

న్యూజెర్సీ_ఓరుగల్లు
ఫిబ్రవరి 10, ఉదయం 7:05

గుడ్ మార్నింగ్ ఆల్. నేను హన్మకొండ నుంచి వచ్చి ఇక్కడ న్యూజెర్సీల 14 ఏండ్ల సంది ఉంటున్న. ఇక్కడ కూడ ఎలుగులు మస్తు, మా ఇంటి వెనుక చెత్త డబ్బాల కాడికే వస్తయ్, నల్ల ఎలుగులు. ఇక్కడ గవర్నమెంటు ఎట్ల మేనేజ్ చేస్తదంటే లెక్క పెట్టి, ఎక్కువ ఉంటే లైసెన్స్ ఇచ్చి కొన్ని రోజులు వేటకు పర్మిషన్ ఇస్తది. 2021ల వేట ఆపిన్రు, ఎలుగులు ఇండ్లల్లకు వచ్చే కంప్లైంట్లు పెరిగినయని 2022 డిసెంబర్ల మల్లా షురూ చేసిన్రు. మన దగ్గర కూడ సైంటిఫిక్‌గ అట్ల చేస్తె తప్పేంది? సెంటిమెంటు వేరు, పాపులేషన్ కంట్రోల్ వేరు. రైతు మొఖం పోతుంటే చట్టం చట్టం అంటే ఎట్ల.

వెటర్నరీ_అక్క
ఫిబ్రవరి 10, ఉదయం 9:40

న్యూజెర్సీ అన్నా, మీరు చెప్పిన ఎలుగు వేరు, ఇక్కడి ఎలుగు వేరు. ఒకటే పేరుతో పిలుస్తున్నాం గానీ తిండి, కాన్పు, స్వభావం అన్నీ తేడానే.

మీ దగ్గర నల్ల ఎలుగు రెండేళ్లకోసారి రెండు మూడు పిల్లల్ని పెడుతుంది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అందుకే కొన్ని పోయినా మళ్ళీ పెరుగుతాయి. మన ఎలుగు రెండు మూడేళ్లకోసారి ఒకటో రెండో పెడుతుంది, రెండేళ్లు దాటేదాకా పిల్లలు తల్లి వెంటే. అది కూడా మన దేశం, నేపాల్, శ్రీలంక తప్ప వేరే ఎక్కడా పెద్దగా మిగల్లేదు. మీ దగ్గర చలికాలం పడుకుంటాయి, మన దగ్గర ఆ చలికాలపు నిద్ర అనేదే లేదు, ఏడాది పొడుగునా తిరుగుడే. పైగా మీ దగ్గర గొడవ చెత్త డబ్బాతో, మూత గట్టిగా పెడితే సగం తగ్గుతుంది. ఇక్కడ గొడవ గుట్ట, చేను, తెల్లవారుజాము చీకటి. దానికి మూత ఎక్కడ పెడతాం?

ఇక దాడి గురించి. దీనికి పై వరుసలో ముందు పళ్లు రెండు ఉండవు, పెదవులు ముందుకు సాచి చెదపుట్టలోంచి గాలితో పీల్చుకుంటుంది, ముక్కు రంధ్రాలు మూసుకోగలదు. ఆ పీల్చే చప్పుడు వంద గజాల దాకా వినిపిస్తుంది. అంటే తినేటప్పుడు దానికి మన అడుగుల చప్పుడు వినబడదు, చూపు ముందే అంతంత మాత్రం, గాలి మన వైపు వీస్తుంటే వాసనా తగలదు. తల ఎత్తేసరికి మనం పది అడుగుల్లో ఉంటాం. పులులు చిరుతల మధ్య బతికిన జాతి, పారిపోవడం కన్నా మీదికి దూకడమే దానికి అలవాటు. మనిషిని తినడానికి కాదు, రెండు దెబ్బలు కొట్టి తన దారిన పోతుంది. కానీ ఆ మూడంగుళాల గోళ్లతో రెండు దెబ్బలు ముఖం మీద పడితే ఏమవుతుందో మీ చిన్నాయనను చూస్తే తెలుస్తుంది.

చట్టం కూడా చెప్తాను, ఊర్లో వాళ్లకి వినిపించండి. 1972 వన్యప్రాణి చట్టంలో ఎలుగు మొదటి షెడ్యూల్, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న జాబితా. 2022 సవరణ తర్వాత చంపితే మూడేళ్ల నుంచి ఏడేళ్లు జైలు, 25 వేలకు తగ్గని జరిమానా. మీద పడినప్పుడు ప్రాణం కాపాడుకోవడానికి కొడితే అది నేరం కాదు, సెక్షన్ 11లోనే రాసుంది. మనుషుల ప్రాణానికి ప్రమాదం అని తేలిన జంతువు విషయంలో చంపడానికి చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఉత్తర్వు ఇవ్వొచ్చు, అది కూడా పట్టుకోవడం కుదరదు అని రాసిన తర్వాతే. పిల్ల తల్లి ఎదురుపడి ఒకసారి కొట్టింది అంటే దానికి అది రాదు.

రాత్రికిరాత్రే_తీగ
ఫిబ్రవరి 10, ఉదయం 11:12

చదువుకున్నోళ్ల ముచ్చట్లు ఎన్నైనా చెప్పొచ్చు అక్క. మా దిక్కు అందరు తీగనే పెడుతున్నరు. లైనుకెళ్లి కొక్కెం ఏసి రెండు వరసలు గుంజితె ఒక్క రాత్రిల తేలిపోతది, పొద్దుగాల్ల గుంత తీసి పూడుస్తె ఎవలికి ఎరుక

అడ్మిన్
ఫిబ్రవరి 10, ఉదయం 11:30

పై పోస్టు తీసెయ్యకుండ ఉంచుతున్న, ఎందుకంటే ఈ ఆలోచన చాలా మందికి ఉంది, జవాబు కూడ అందరు చదవాలె. కానీ తీగ ఎట్ల పెట్టాల్నో ఇంకోసారి ఎవరు రాసినా ఐడీ బ్లాక్.

రిటైర్డ్_బీటు
ఫిబ్రవరి 10, మధ్యాహ్నం 1:45

తీగ తమ్మీ, నా సర్వీసుల ఎలుగు శవాల కన్న తీగకు పడ్డ మనుషుల శవాలకే ఎక్కువ సార్లు పంచనామాకు పోయిన. ఒకాయన తన చేన్ల తానే పెట్టుకున్న తీగకు తానే పోయిండు, రాత్రి మోటరు కాడికి పోతూ యాది మర్సిండు. ఇంకోకాడ అన్న పెట్టిన తీగకు తమ్ముడు. ఇద్దరి పిల్లలు ఇయ్యాల ఒకే ఇంట్ల ఉండి మాట్లాడుకోరు. గుంత తీసి పూడుస్తె ఎవలికి ఎరుక అన్నవు, నీకు ఎరుకనే గద.

సోలార్ కంచె వేరు, దానితోని దీన్ని కలపకున్రి. అది సెకనుకో చిన్న షాక్ కొడతది, జంతువు ఎనుకకు దుంకుతది, సావది. అయితే ఎలుగుకు ఎంటికలు దుబ్బ దుబ్బగ ఉంటయ్, పై తీగ తగిలినా దానికి తెలువనే తెలువది. ముక్కు తగిలే ఎత్తుల, నేలకు ఒక జానెడు, మూరెడు పైన తీగలు రావాలె. కింద గడ్డి పెరిగి తగిలితే కరెంటంత గడ్డికే పోతది, వారానికోసారి కోయాలె. మా దిక్కు పెట్టినోళ్లల్ల సగం మంది గడ్డి కోయక మూలకేసిన్రు.

మక్కగారెలు
ఫిబ్రవరి 10, మధ్యాహ్నం 2:10

ఏనుగులకు తేనెటీగల డబ్బాలు కంచెలెక్క పెడుతున్నరని, 2021ల కర్ణాటక కొడగు దిక్కు ఖాదీ కమిషనోళ్లు పెట్టిన్రని యూట్యూబుల చూసిన, అది మనకు పనికిరాదా?

వెటర్నరీ_అక్క
ఫిబ్రవరి 10, మధ్యాహ్నం 2:18

అక్కా, ఏనుగు తేనెటీగకి భయపడుతుంది. ఎలుగుకి తేనె డబ్బా పెట్టడమంటే పెళ్లిభోజనానికి శుభలేఖ ఇచ్చినట్టే 😂

కరీంనగర్_బండ
ఫిబ్రవరి 10, సాయంత్రం 6:33

నేను గ్రానైట్ క్వారీల మెషిన్ ఆపరేటర్‌ను. ఈ థ్రెడ్ల ఇప్పుడో ఎప్పుడో క్వారీలోళ్లదే తప్పు అని ఎవలన్న అంటరు, అందుకే ముందుగాల నేనే చెప్తున్న. అవును, గుట్టలు పోతున్నయ్. టాన్ బ్రౌన్ అనే గ్రానైట్ బండకు దేశం బయట మస్తు గిరాకి, మా కరీంనగర్ చుట్టు గుట్టలు ఎన్ని సగం అయినయో రోడ్డు మీద పోతుంటెనే కనబడతది. పేలుడు పెట్టినప్పుడు బండ సందులకెళ్లి ఎలుగు ఉరికింది నేనే చూసిన ఒకసారి, పిల్లను నోట్ల పట్టుకోని రెండు సార్లు తిరిగొచ్చింది. ఆ రాత్రి నిద్ర పట్టలే. కానీ నా ఇంట్ల ఐదుగురం ఈ పని మీదనే బతుకుతున్నం. 2023ల మా కరీంనగర్ రేకుర్తిల ఎలుగు తిరిగినప్పుడు టౌనంత అగమాగం అయింది, అప్పుడు అందరు క్వారీలను తిట్టిన్రు, తెల్లారి మల్లా ఇంట్ల కిచెన్‌కు గ్రానైటే ఏపిచ్చుకున్నరు.

తాడ్వాయి_టీచరమ్మ
ఫిబ్రవరి 10, రాత్రి 8:02

కరీంనగర్ తమ్మీ, నిజం చెప్పినవు, అది కూడా కష్టమే. ఎవరి పొట్ట కొట్టమని ఎవరూ అనట్లేదు. లీజు ఇచ్చే ముందు ఏ గుట్టల గుహలు ఉన్నయో, ఎక్కడ పిల్లల్ని పెడతయో ఊరోళ్లను అడిగితే చెప్తరు, పెద్ద సర్వే కూడా అక్కర్లేదు. గొర్ల కాపరులను అడగాలె. ఆ నాలుగు గుట్టలు వదిలేసి మిగిలినయి ఇస్తే ఏం పోయింది. నవంబర్ నుంచి జనవరి మధ్యల ఎలుగు గుహల కాన్పైతది, ఆ మూడు నెలలన్న ఆ దిక్కు పేలుళ్లు ఆపితే చాలు.

ఇగ నేను చెప్పదల్చుకున్నది వేరే. ఇంకో నెల అయితే ఇప్పపువ్వు రాలుతది. మా కోయగూడేలల్ల ఆడోళ్లంత తెల్లారుజామున మూడింటికే బుట్టలు పట్టుకోని పోతరు, పువ్వు రాత్రి రాలి పొద్దెక్కితే వాడిపోతది కాబట్టి. ఎలుగు కూడ గదే టైముకు వస్తది, దానికీ ఇప్పపువ్వు ప్రాణం. ఆ తర్వాత మొర్రి పండ్లు, తునికి పండ్లు, మే నెల దాక తునికాకు కోత. అంటే మార్చి నుంచి మే దాక మనమూ ఎలుగూ ఒక్క చెట్టు కిందనే. మా అమ్మమ్మోళ్లు ఏం చేసెటోళ్లంటే ఒక్కరే పోకపోయెటోళ్లు, నలుగురైదుగురు పెద్దగ ముచ్చట పెట్టుకుంట, కర్రతో బండ మీద కొట్టుకుంట పోయెటోళ్లు. చెట్టు దగ్గరికి రాంగనే ఆగి ఒక నిమిషం చెవి పెట్టి వినేది. ఇప్పుడు పిల్లలు చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకోని పోతున్నరు, ఏం చెప్పాలె.

ఇంకోటి, పువ్వు ఏరేందుకు ఈజీ ఉంటదని చెట్టు కింద ఆకులకు నిప్పు పెడతరు. ఆ నిప్పు గుట్టెక్కితే చెదపుట్టలు, రేగు పొదలు, పండ్ల చెట్లు అన్ని పోతయ్. అడివిల తిండి కాలిపోతే ఎలుగు ఎక్కడికి రావాలె, మీ మక్కకే. రైతన్నా, గుట్టకు నిప్పు పెడ్దాం అన్నోళ్లకు ఇది చెప్పండి. చెట్టు కింద వల గాని పాత చీరలు గాని పరిస్తే ఏరుడు కూడ తప్పుతది, పువ్వుకు మన్ను అంటదు, రేటు కూడ ఎక్కువ వస్తది.

2024 ఆగస్టు చివరల మా తాడ్వాయి అడివిల గాలికి ఒక్కరోజు 50 వేలకు పైన చెట్లు పడ్డయ్ కద, చానల్లన్ని చూపిచ్చినయ్. ఆ తర్వాత మా దిక్కు జంతువుల దారులు మారినట్టే అనిపిస్తంది, ఇది నా కండ్లతోని చూసింది మాత్రమే.

హన్మకొండ_పోరడు
ఫిబ్రవరి 10, రాత్రి 8:40

అక్కా మరి కర్ణాటకల దరోజి అని ఎలుగులకే ఒక సాంక్చురీ ఉన్నది, హంపి పోయినప్పుడు చూసిన. మధ్యాహ్నం గుట్ట బండల మీద బెల్లం పానకం పోస్తరు, సాయంత్రానికి ఎలుగులు లైను కట్టి వస్తయ్, టవర్ మీదికెళ్లి చూడొచ్చు. మన గుట్టల మీద కూడ అట్ల చేస్తె చేన్లకు రావు గద? టూరిజం కూడ అయితది.

రిటైర్డ్_బీటు
ఫిబ్రవరి 10, రాత్రి 9:15

దరోజి మంచిదే, 1994ల పెట్టిన్రు, 80 చదరపు కిలోమీటర్ల పైన ఉంటది. ఆడ గుట్టలన్ని ఒక్కకాడ ఉన్నయ్, కాపలా ఉన్నది. మన కాడ గుట్ట చుట్టు నాలుగు దిక్కుల ఊర్లు, మధ్యల బిందెడంత గుట్ట. ఈడ బెల్లం పోస్తె ఎలుగుకు మనిషి వాసన అంటే బెల్లం వాసన అని అలవాటయితది. రేపు నీ ఇంట్ల బెల్లం డబ్బా కోసం వస్తది. శ్రీకాకుళం ఉద్దానంల జీడితోటలు పనస చెట్లు ఊర్ల మధ్యలనే ఉంటయ్, ఎలుగులు వాటి కోసం ఊరి నడుమకే వస్తయ్, ఆడ మనుషులు పోయిన్రు కూడ. తిండి మనమే పెట్టుడు అంటే రేపు మనమే తరుముడు.

తిండి పెట్టుడు కాదు, తిండి తీసెయ్యుడు చూడున్రి. ఇంటి చుట్టు సీతాఫలాలు పండి రాలిపోతున్నా ఎవలు తెంపరు, అక్టోబర్‌ల ఎలుగు పిల్లలతోని ఇంటెనుకకు వచ్చేది వాటికోసమే. కల్లంల పల్లి కుప్ప రాత్రంత వదిలేస్తరు. 

న్యూజెర్సీ_ఓరుగల్లు
ఫిబ్రవరి 10, రాత్రి 9:50

ఓకే, వెటర్నరీ అక్క చెప్పింది చదివిన. పిల్లలు తక్కువ పెడతయి అనేది నాకు తెల్వదు, వేట మాట ఎనుకకు తీసుకుంటున్న. కానీ ఇక్కడికెళ్లి ఒకటి మాత్రం పనికొస్తదేమో. ఇక్కడ ఊర్లెకు వచ్చిన ఎలుగును పట్టి వేరేకాడ ఇడుసుడు కన్న, అక్కడే రబ్బరు గుండ్లు కొట్టి, కుక్కలతోని బెదిరిచ్చి ఇడుస్తరు, ఈ జాగ మంచిది కాదని దానికి తెలువాలని. జపాన్ల 2025 నవంబర్ల అకితా అనే కాడ ఏకంగ సైన్యాన్నే పిలిచిన్రు, ఊర్లల్ల ముసలోళ్లే మిగిలి పెరట్ల పండ్లు తెంపెటోళ్లు లేక ఎలుగులు ఊర్లల్లకు వచ్చినయని రాసిన్రు. మీ సీతాఫలం ముచ్చట చదివితే అదే యాదికొచ్చింది. మా అమ్మ ఒక్కతే ఉంటది ఆడ, పెరట్ల సీతాఫలం చెట్టు ఉన్నది.. రేపు ఫోన్ చేస్త.

వెటర్నరీ_అక్క
ఫిబ్రవరి 10, రాత్రి 10:20

రబ్బరు గుండ్లు, కుక్కలు మాత్రం మన ఎలుగు మీద వద్దు అన్నా. మీ నల్ల ఎలుగు బెదిరితే చెట్టెక్కుతుంది, ఇది బెదిరితే మీదికొస్తుంది. కుక్క వెంటపడితే ఆ కుక్క తిరిగి యజమాని కాళ్ల దగ్గరికే ఉరుకుతుంది, వెనకాలే ఎలుగు. ఇట్లా గాయపడ్డవాళ్లు ఉన్నారు.

ఎదురుపడితే ఏం చేయాలో కూడా చెప్పేస్తాను. దూరంగా ఉండి అది మిమ్మల్ని చూడకపోతే వచ్చిన దారినే మెల్లగా వెనక్కి. చూసినా నిలబడి చూస్తుంటే ఉరకొద్దు, దానికన్నా వేగంగా మనం ఉరకలేం, చెట్టెక్కితే అదీ ఎక్కుతుంది. మాట్లాడుకుంటూ వెనక్కి నడవాలి. మీద పడింది అంటే బోర్లా పడుకోవాలి, ముఖం నేలకి ఆనించి వేళ్లు మెడ వెనుక గట్టిగా కలిపి పట్టుకోవాలి, అది పోయేదాకా లేవకూడదు. ముఖం, మెడ దక్కితే మిగిలినవి మానతాయి. దెబ్బ తగిలితే సబ్బు నీళ్లతో పావుగంట కడగాలి, పసుపు, కాఫీపొడి, సున్నం ఏదీ పెట్టొద్దు, 108.

ఊర్లోకి వస్తే గుంపు చేరొద్దు. మత్తు సూది కొట్టినా పది పదిహేను నిమిషాలు పడుతుంది పనిచేయడానికి, ఆ పదిహేను నిమిషాలూ సెల్‌ఫోన్లు పట్టుకుని వెంట ఉరికితే ఎండకీ భయానికీ అదే చస్తుంది, లేదంటే ఎవరినో చంపుతుంది. బాయిలో పడితే పెద్ద నిచ్చెనో రెండు పొడుగు దూలాలో దింపి అందరూ ఇంటికి పోవాలి, రాత్రికి అదే ఎక్కి పోతుంది చాలాసార్లు.

గుట్టకింది_రైతు
ఫిబ్రవరి 11, ఉదయం 5:55

రాత్రంత కూసోని అన్ని చదివిన. మీ అందరికి దండం. సూదుల ముచ్చట అడిగితే మొదటి డోసు ఇచ్చిన్రట, గాయం చుట్టు ఇచ్చేది ఇయ్యలేదట. నర్సమ్మకు బీటు సారు రాసింది ఫోన్ల చదివి వినిపిచ్చిన, సాయంత్రం ఇచ్చిన్రు. ఆ ఒక్క మాటకు జీవితమంత రుణపడి ఉంట సారు.

పోరగాండ్లతోని మాట్లాడిన. తీగ ముచ్చట ఇప్పటికైతే బంద్ అయింది, అది కూడ చట్టం చెప్తె కాదు, అన్న పెట్టిన తీగకు తమ్ముడు పోయిన కథ చెప్తె. మంచె ఏస్తున్నం, ఐదుగురి చేన్లకు కలిపి ఒక్కటే మంచె, ఇద్దరిద్దరు డ్యూటీ. ఎన్కట రాత్రి కరెంటు ఉన్నప్పుడు అర్ధరాత్రి మోటరు కాడికి పోవుడు తప్పకపోయేది, 2018 సంది 24 గంటలు ఉన్నది కద, ఇప్పుడు ఎవ్వలు చీకట్ల పోవద్దని అనుకున్నం. కానీ ఆటో స్టార్టర్ (కరెంటు రాంగనే మోటరు దానంతటదే షురూ అయ్యేది) పెట్టుకున్నోళ్లు పెట్టుకోలేనోళ్లు ఉన్నరు.

మంచె మీద లైటు కొడితే సాలునా, పటాకులు కాల్చాల్నా?

రిటైర్డ్_బీటు
ఫిబ్రవరి 11, ఉదయం 7:30

లైటు, డప్పు, డబ్బా చప్పుడు. రోజు ఒక్కటే కొట్టకు, మారుస్తుండు, లేకపోతె నాలుగో రోజుకు దానికి అలవాటయితది, రికార్డింగ్ చప్పుడు ఇనిపిచ్చే మైకులు గట్లనే మూలకు పడ్డయ్. పటాకులు మరీ దగ్గరికి వస్తెనే, గడ్డి ఎండుంటది చూసుకో. ముఖ్యంగ అది వచ్చిన దారి మూసెయ్యకు. నాలుగు దిక్కుల మనుషులుండి అరిస్తె అది ఏదో ఒక మనిషి మీదికెళ్లే పోతది. గుట్ట దిక్కు ఖాళీగ వదిలి మూడు దిక్కులకెళ్లి చప్పుడు చెయ్యి. చేనుకు గుట్టకు మధ్యల పొదలు పది గజాలు కొట్టి చదును చేస్తె ఎదురుంగ వచ్చేది కనబడతది. వచ్చే ఏడు గుట్ట వారకు మక్క పల్లి కాకుండ పసుపో మిరపో ఏస్తె ఇంకా మంచిది.

చిన్నాయినకు చెప్పు, ఇంట్ల లెట్రిన్ ఉన్నది దేనికో.

గుట్టకింది_రైతు
మార్చి 14, రాత్రి 9:18

చాన రోజులైంది అప్‌డేట్ ఇయ్యక. చిన్నాయిన ఇంటికొచ్చిండు. మొఖం మీద గీతలు పడ్డయ్, చెంప ఒక దిక్కు గుంజినట్టుంటది, నవ్వితే తెలుస్తది. అద్దం చూసుకుంటలేడు. లెట్రిన్‌కు మాత్రం ఇంట్లనే పోతుండు, బీటు సారు మాట చెప్తె ముసిముసి నవ్విండు, అదే మొదటిసారి నవ్వుడు.

దరఖాస్తు ఇన్‌వార్డ్‌ల ఇచ్చిన, ముద్ర ఉన్నది. రేంజ్ నుంచి ఒక సారు వచ్చి స్టేట్‌మెంట్ రాసుకోని పోయిండు, పైసలు ఇంకా రాలే, ఫైలు పైకి పోయిందట.

మక్క సగం దక్కింది, కోసినం. మొన్న రాత్రి నా డ్యూటీ ఉన్నది. ఒంటిగంటకు దిగింది, వీపు మీద పిల్ల కూసోని అటిటు చూస్తంది బస్సుల కిటికీల కూసున్నట్టు. లైటు ఏసిన, డబ్బా కొట్టిన. తల్లి ఆగింది, ముక్కు పైకెత్తి గాలి పట్టింది, మల్లా తలకాయ తిప్పి నిమ్మళంగ అవతలి దిక్కు పోయింది, పల్లి చేన్లకు.

పల్లి చేను మా బామ్మర్దిది. పొద్దుగాల వచ్చి నువ్వే తోలినవని ఒక్కటే లొల్లి. వాడు కూడ ఈ గ్రూపుల జాయిన్ రిక్వెస్ట్ పెట్టిండు, జర యాక్సెప్ట్ చెయ్యి అడ్మినన్న.